ఏఆర్ సోఫా నేల మీద నిలవకుండా జారుతోంది: సమాధానం

ఫోన్ కెమెరాలో గదిలో సోఫా ఉన్నట్టు చూపించే మీ ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ) యాప్‌లో సోఫా నేల మీద జారుతోందని, గదిని మించి పెద్దగా కనిపిస్తోందని అడిగారు. జారడంలో తప్పు సోఫా 3డీ మోడల్‌ది కాదు, నేలది. మాదాపూర్ ఆఫీసులో కార్పెట్ మీద కుదురుగా ఉన్న సోఫా కొండాపూర్ ఫ్లాట్‌లో తెల్లటి విట్రిఫైడ్ టైల్స్ మీద జారుతోందంటే, ఏఆర్‌కోర్‌కు (ఫోన్లలో ఏఆర్ నడిపించే గూగుల్ సాఫ్ట్‌వేర్) పట్టుకోవడానికి గుర్తులు దొరకట్లేదన్నమాట. అది కెమెరా దృశ్యంలో మూలలు, మచ్చలు వెతికి, వాటి కదలికను ఫోన్ కదలికను కొలిచే సెన్సర్లైన జైరోస్కోప్, యాక్సిలరోమీటర్ లెక్కలతో కలిపి ఫోన్ ఎక్కడుందో తేల్చుకుంటుంది. నున్నటి టైల్‌లో అవి ఉండవు. ఉన్నట్టు కనిపించేది ట్యూబ్‌లైట్ ప్రతిబింబం, అది మీతోపాటే కదులుతుంది.

1. సోఫా పెట్టే చోట గళ్ల జంపఖానా గానీ, న్యూస్‌పేపర్లు గానీ పరవండి.

2. చాలామంది వదిలేసేది ఇదే. నిలబడ్డ చోటే ఫోన్ తిప్పితే లోతు తెలియదు. ఫోన్‌ను నేలవైపు వంచి రెండు మూడు అడుగులు పక్కకు నడవండి, మళ్లీ వెనక్కి రండి. చోటు మారితేనే ఒకే గుర్తు రెండు కోణాల నుంచి కనిపించి దూరం లెక్కకు వస్తుంది. మీ యాప్‌లో ఈ సూచనను కదిలే బొమ్మతో చూపించండి. రాసి పెడితే ఎవరూ చదవరు.

3. ప్లేన్ (ఏఆర్‌కోర్ గుర్తించిన చదునైన నేల) దొరికాక హిట్ టెస్ట్ (తెరపై తాకిన చోటు నేల మీద ఎక్కడ పడుతుందో చూసే పరీక్ష) ఫలితం నుంచి యాంకర్ (ఆ చోటుకు కట్టి ఉంచే గుర్తు) సృష్టించి, మోడల్‌ను దానికే తగిలించండి. ఆ చోటి కోఆర్డినేట్లు (స్థానం చెప్పే అంకెలు) మాత్రం కాపీ చేసి వదిలేస్తే, ఏఆర్‌కోర్ తన అంచనా సవరించుకున్నప్పుడల్లా సోఫా పక్కకు పోతుంది.

సోఫా గదిని మించిపోతోందన్నారు కదా: జీఎల్‌టీఎఫ్‌లో (3డీ మోడళ్ల ఫైల్ ఫార్మాట్) 1 యూనిట్ అంటే 1 మీటరు. సెంటీమీటర్లలో చేసిన మోడలైతే 0.01తో స్కేల్ చేయండి.