అమ్మ పెళ్ళి క్యాసెట్లు డీవీడీ చేసే ముందు

చిరంజీవి బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. గోదావరికి నీళ్ళు వచ్చాయి, వానలు వదలడం లేదు.

నువ్వు అమ్మమ్మ కోసం మీ అమ్మ పెళ్ళి క్యాసెట్లు, మీ చిన్నప్పటి హ్యాండీక్యామ్ టేపులు, ఫోన్లో ఉన్న వీడియోలు అన్నీ డీవీడీ చేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మన ఇంట్లో ఇంతమంది పిల్లలున్నారు, ఒక్కరికీ రాని ఆలోచన నీకు వచ్చింది. పెన్‌డ్రైవ్ కాకుండా డీవీడీయే ఎందుకు అనుకున్నావో కూడా నాకు అర్థమైంది. అమ్మమ్మకి కళ్ళు సరిగ్గా కనపడకపోయినా ఆ ప్లేయర్ రిమోట్‌లో ఏ బటన్ ఎక్కడుందో ఆవిడ వేళ్ళకి తెలుసు.

కానీ మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. "అన్నీ ఒకే డిస్కులో పట్టేలా చేస్తుందట అన్నయ్యా" అంది. అప్పటి నుంచి నాకు మనసు నిలవడం లేదు. ఫోన్లో చెబితే సగమే గుర్తుంటుంది, పని చేసేటప్పుడు పక్కన పెట్టుకుంటావని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, ఏ క్యాసెట్ నుంచి తీస్తున్నావు? మీ ఇంట్లో బీరువాలో ఉన్నది మిక్సింగ్ క్యాసెట్ కాపీ. 1994లో మీ అమ్మ పెళ్ళి నేనే తీశాను, భుజం మీద పెట్టుకునే వీహెచ్ఎస్ కెమెరాతో. కెమెరాలోంచి వచ్చింది మాస్టర్. దాన్ని మిక్సర్ మీద పెట్టి పూలు, హృదయాలు, టైటిళ్ళు వేసి ఇంకో క్యాసెట్‌లోకి ఎక్కించాం. దాని నుంచి చుట్టాలకి కాపీలు. అంటే నీ చేతిలో ఉన్నది మూడో తరం. ప్రతి తరానికీ బొమ్మ మెత్తబడుతుంది, ఎర్ర పట్టుచీర రంగు అంచు దాటి పక్కకి పాకుతుంది. ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ దాన్ని వెనక్కి తేలేవు. పైగా మిక్సింగ్‌లో మాటలన్నీ తీసేసి సినిమా పాటలు వేశాం, అప్పటి పద్ధతి అదే. మాస్టర్‌లో మంత్రాలున్నాయి, సన్నాయి ఉంది, తాతయ్య గొంతు ఉంది. భోజనాల దగ్గర నిలబడి "పప్పు ఇటు వడ్డించండయ్యా" అని కేకలేస్తుంటారు. ఆ మాస్టర్లు నా దగ్గరే ఉన్నాయి. మీ ఇంట్లో కాపీని పక్కన పెట్టు.

రెండోది బూజు. దీని గురించి నాకు మహా భయం, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మన గోదావరి పక్క తేమకి టేపు మీద బూజు పడుతుంది. క్యాసెట్ కిటికీలోంచి వెలుతురుకి పట్టి చూడు. టేపు చుట్ట అంచున తెల్లటి పొడిలాంటి చారలు కనిపిస్తే ఎట్టి పరిస్థితుల్లోనూ దాన్ని వీసీఆర్‌లో, అంటే క్యాసెట్ ప్లేయర్లో, పెట్టకు. ఆ బూజు టేపుని చదివే హెడ్డుకి అంటుకుంటుంది, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్లకి కూడా ఎక్కుతుంది. హెడ్డు మూసుకుపోతే బొమ్మంతా మంచు కురిసినట్టు అయిపోతుంది, ఒక్కోసారి టేపు నలిగి తెగుతుంది కూడా. నువ్వు దూదిపుల్లతో హెడ్డు తుడవడం లాంటి సాహసాలు చేయొద్దు, దూది పోగు ఒక్కటి చిక్కుకున్నా హెడ్డు విరుగుతుంది. వీసీఆర్‌లు తయారు చేసిన చివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016లోనే ఆపేసింది. ఇప్పుడు పాడైతే కొత్తది కొనుక్కుందాం అనుకోవడానికి లేదు తల్లీ.

బాగున్న క్యాసెట్‌ని కూడా ప్లే చేసే ముందు చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్ళీ మొదటికి రివైండ్ చెయ్యి. ఏళ్ళ తరబడి కదలని టేపు అక్కడక్కడా బిగిసిపోయి ఉంటుంది, ఇలా చేస్తే సర్దుకుంటుంది.

ఇప్పుడు ఆ ఒకే డిస్కు సంగతి. మీ పెద్దమ్మ పెళ్ళి వీడియో మన ఇంట్లో ఎందుకు లేదో నీకు ఎవరూ చెప్పి ఉండరు.

పెద్దమ్మ పెళ్ళి 1989లో. ఒక్కోటి మూడు గంటల ఇ-180 క్యాసెట్లు రెండు, ఆరు గంటల వీడియో. 2006లో మీ పెదనాన్న వాటిని టౌన్లో ఒక షాపులో ఇచ్చాడు, నేను అప్పుడు విశాఖలో ఉన్నాను. ఆరు గంటలూ ఒక్క డీవీడీలో పట్టించి ఇచ్చారు. పెదనాన్న చాలా సంబరపడ్డాడు. ఇంత సన్నటి డిస్కులో పెళ్ళంతా వచ్చేసిందని పది మందికి చూపించాడు. ఇక క్యాసెట్లతో పనేముందని షాపు అతను అంటే నిజమే అనుకుని, దసరాకి ఇల్లు దులిపినప్పుడు పాత సామాన్లవాడికి వేసేశారు.

నేను సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ డిస్కు పెట్టారు. జీలకర్ర బెల్లం దాకా పర్వాలేదు. పీటల మీద అందరూ కదలకుండా కూర్చుంటారు కాబట్టి బొమ్మ నిలబడింది. తలంబ్రాలు మొదలయ్యాయి. ఒక్కసారిగా తెరంతా గళ్ళు గళ్ళుగా పగిలిపోయింది. బియ్యపు గింజ ఒక్కటి కనపడదు, పెద్దమ్మ నవ్వు కనపడదు, చదరపు ముక్కలు అటూ ఇటూ గెంతుతున్నాయి. ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ కొట్టినప్పుడల్లా ఇంకా ఘోరం. అప్పగింతలు రాత్రి వేళ, లైటు తక్కువ. తాతయ్య పెద్దమ్మ చేతిని పాలల్లో ముంచి వియ్యపురాలి చేతిలో పెట్టి ఏడ్చిన చోటు అది. ఆయన ఏడవడం మేమెవ్వరం అంతకుముందు చూడలేదు. డిస్కులో ఆయన ముఖం ఉండాల్సిన చోట బూడిద రంగు గళ్ళు ఉన్నాయి. అమ్మమ్మ ఆ డిస్కు ఒక్కసారి చూసింది. మళ్ళీ పెట్టమని ఎప్పుడూ అడగలేదు.

ఎందుకలా అయ్యిందో తెలుసుకో, నీకు అర్థమవుతుంది. డీవీడీలో వీడియోని కుదించి దాచే పద్ధతి ఎంపెగ్-2. అది ప్రతి బొమ్మనీ పూర్తిగా దాచుకోదు. దాదాపు అర సెకనుకి ఒక పూర్తి బొమ్మ పెట్టుకుని, మధ్యలో వచ్చేవాటిలో ఏం మారిందో అది మాత్రం రాసుకుంటుంది. మనిషి కూర్చుని మాట్లాడుతుంటే పెదాలే మారతాయి, తక్కువ డేటాతో సరిపోతుంది. తలంబ్రాలలో ప్రతి గింజా మారుతుంది. ఫ్లాష్ పడితే తెరంతా మారుతుంది. చీకట్లో తీసిన వీహెచ్ఎస్‌లో గింజలు గింజలుగా ఉండే మచ్చలు కూడా క్షణక్షణం మారుతుంటాయి, ఎంపెగ్‌కి అవి మచ్చలని తెలియదు, వాటినీ రాయాలని చూస్తుంది. మన పెళ్ళిళ్ళలో ముఖ్యమైన ఘట్టాలన్నీ ఇలాంటివే.

మామూలు డిస్కు 4.7 జీబీ. ఆరు గంటలకి పంచితే ఒక్కో సెకనుకి దక్కే డేటా, అంటే బిట్‌రేట్, సుమారు 1.7 మెగాబిట్లే. డీవీడీ వీడియోకి 9.8 దాకా ఇవ్వచ్చు. చెంబుడు పాలు ఊరందరికీ పోయాలంటే నీళ్ళు కలపక తప్పదు, ఆ షాపు అతను చేసింది అదే. ఇంకో నాలుగైదు డిస్కులు వాడితే పోయేది. వంద రూపాయలు కూడా అయ్యేది కాదు బుజ్జీ, ఆ క్యాసెట్లు ఉంచుకుని ఉన్నా ఈ రోజు నువ్వు మళ్ళీ తీసేదానివి. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

అందుకని ఒక డిస్కుకి గంట, మహా అయితే గంటంపావు. డిస్కుకి గంటే అయితే సెకనుకి 8 మెగాబిట్లు పెట్టు, గంటన్నర పెట్టక తప్పకపోతే 6కి తగ్గించు, అంతకంటే దిగకు. ఎన్‌కోడింగ్, అంటే డీవీడీకి కుదించడం, టూ-పాస్ వీబీఆర్‌లో చెయ్యి. మొదటిసారి అంతా చూసుకుని, రెండోసారి తలంబ్రాలకి ఎక్కువ, ఖాళీ పందిరికి తక్కువ పంచుతుంది. రాత్రంతా పట్టినా పట్టనీ. సౌండు కుదించకుండా పీసీఎంలో పెడితే అదొక్కటే సెకనుకి 1.5 మెగాబిట్లు మింగుతుంది, కుదించిన డాల్బీ సౌండు సెకనుకి 192 కిలోబిట్లు చాలు. డిస్కులు ఆరైనా ఏడైనా ఫర్వాలేదు. పెళ్ళికూతురుని చేయడం ఒకటి, ముహూర్తం ఒకటి, అప్పగింతలు ఒకటి, అలా విడగొడితే అమ్మమ్మకి కావలసింది వెతుక్కోవడం కూడా సులువు. 8.5 జీబీ డబుల్ లేయర్ డిస్కుల జోలికి పోకు, పాత ప్లేయర్లు వాటి దగ్గర తడబడతాయి.

టేపుని కంప్యూటర్లోకి ఎక్కించే క్యాప్చర్ దగ్గరే అసలు క్వాలిటీ తేలిపోతుంది. వీసీఆర్‌ని లాప్‌టాప్‌కి కలపడానికి ఆన్‌లైన్లో దొరికే ఆ చిన్న యూఎస్‌బీ ముక్క కొన్నావని విన్నాను. దాన్ని పక్కన పెట్టి నా దగ్గరికి రా. నా పాత హ్యాండీక్యామ్‌కి బయటి వీడియో తీసుకునే ఏవీ ఇన్ ఉంది. వీసీఆర్ నుంచి దానిలోకి, దాని నుంచి ఫైర్‌వైర్ కేబుల్‌తో నా డెస్క్‌టాప్‌లోకి. టేపు పాతదై బొమ్మ వణికినా ఆ యూఎస్‌బీ ముక్క కంటే ఇదే బాగా పట్టుకుంటుంది. గంటకి 13 జీబీ తింటుంది, తిననీ. ఆ ఫైళ్ళే రేపు నీ పిల్లలకి ఆస్తి, డిస్కు అమ్మమ్మ కోసం. వాటిని రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు ఇళ్ళల్లో పెట్టాలి. 2003 పుష్కరాల టేపు, నువ్వు కోటిలింగాల రేవులో తాతయ్య వేలు పట్టుకుని మునిగింది, అది మినీడీవీ, టేపు మీదే డిజిటల్‌గా ఉంటుంది. దానికి క్యాప్చరే అక్కర్లేదు, ఫైర్‌వైర్‌లో ఉన్నది ఉన్నట్టు దిగుతుంది. ఆ టేపుకి కూడా బిట్‌రేట్ తగ్గించకు, గోదావరి అలలు తలంబ్రాల కంటే తక్కువేం కాదు.

ఇంకోటి, నువ్వు తప్పకుండా చేస్తావని నాకు తెలిసినది. క్యాప్చర్ అయ్యాక లాప్‌టాప్‌లో చూస్తే చేయి ఊపినప్పుడల్లా దువ్వెన పళ్ళలా అడ్డగీతలు కనిపిస్తాయి. కంగారుపడి ఆ గీతలు తీసేసే డీ-ఇంటర్‌లేస్ నొక్కుతావు. నొక్కకు. మన పాల్ టీవీ పద్ధతిలో సెకనుకి 25 బొమ్మలు, ఒక్కో బొమ్మ సరి గీతలు ఒకటి, బేసి గీతలు ఒకటి అని రెండు ఫీల్డులుగా, మొత్తం 50 ఫీల్డులు. డీవీడీకి అలాగే కావాలి, టీవీ దాన్ని చూసుకుంటుంది. తీసేస్తే కదలికలో సగం పోతుంది, మనుషులు బొమ్మల్లా తడబడుతూ నడుస్తారు. సెట్టింగ్ ఇంటర్‌లేస్‌డ్, 720 బై 576. ఫీల్డ్ ఆర్డర్, అంటే ఏ ఫీల్డు ముందు రావాలన్నది, మాత్రం చూసుకో, హ్యాండీక్యామ్ నుంచి దిగే డీవీ ఫైళ్ళకి బాటమ్ ఫస్ట్. తప్పు పెడితే నడిచే మనిషి ముందుకీ వెనక్కీ వణుకుతాడు. అమ్మమ్మ టీవీలో ఒక చిన్న ముక్క వేసి చూశాకే మిగతాది చెయ్యి.

షార్ప్‌నెస్ పెంచడం, రంగులు దట్టించడం వద్దు. మచ్చలు ఇంకా పైకి తేలతాయి, ఎన్‌కోడర్‌కి పని పెరుగుతుంది. నీకున్న తొందర నాకు తెలుసు, చిన్నప్పుడు మామిడికాయ ముగ్గకముందే కోసేదానివి. ఈ పనిలో ఆ తొందర వద్దమ్మా. టేపు గంటది అయితే గంటసేపూ కూర్చుని చూడాల్సిందే. మధ్యలో ట్రాకింగ్ జారి బొమ్మ చెదిరితే సరిచెయ్యాలి, కరెంటు పోతే ఆ ముక్క మళ్ళీ తియ్యాలి, ఇక్కడ యూపీఎస్ ఉందిలే.

ఫోన్ వీడియోలు వేరే డిస్కులో పెట్టు. అవి సెకనుకి 30 బొమ్మలు, పాల్‌కి మార్చినప్పుడు కొంచెం జెర్క్ వస్తుంది, దానికి బాధపడకు. నిలువుగా తీసినవాటికి పక్కల నలుపు వదిలెయ్, సాగదీస్తే అందరూ లావుగా కనిపిస్తారు.

రైట్ చేయడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మంచి బ్రాండు డీవీడీ మైనస్ ఆర్ తెచ్చుకో, 16 ఎక్స్‌లో కాకుండా 4 లేదా 8లో రైట్ చెయ్యి, రాసింది సరిగ్గా పడిందో చూసే వెరిఫై పెట్టు. పైన కాగితం లేబుల్ అతికించకు, బాల్‌పెన్‌తో రాయకు, సీడీ మార్కర్ వాడు.

డాలస్‌లో ఉన్న మీ అన్నయ్యకి డిస్కు పంపాలని మీ అమ్మ అంటోంది. పంపొద్దు. అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, మన పాల్ డిస్కు అక్కడి ప్లేయర్లలో చాలావాటిలో ఆడదు. ఎన్‌టీఎస్‌సీకి మారిస్తే 576 గీతలు 480 అవుతాయి, కదలిక కూడా పాడవుతుంది. వాడికి ఫైళ్ళే పంపు, కంప్యూటర్లో హాయిగా చూసుకుంటాడు.

వచ్చే శనివారం రాత్రి బస్సు ఎక్కి రా, కనీసం నాలుగు రోజులు ఉండేలా సెలవు పెట్టుకో. ఖాళీ హార్డ్ డిస్కు 2 టీబీది తెచ్చుకో. మీ అమ్మని కూడా తీసుకురా. భోజనాల పంక్తిలో కూర్చున్న వాళ్ళలో సగం మంది నాకే గుర్తురావడం లేదు, అది చూస్తూ ఎవరెవరో చెబితే నువ్వు పేర్లు రాసుకోవచ్చు. అత్తయ్య నీకోసం కొత్తావకాయ జాడీ తీసి పెట్టింది.

ఇట్లు,
మీ మావయ్య
రాజమండ్రి