మినిట్ రాసే ముందు

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమెరికాలోని మీ క్వేకర్ మీటింగ్‌కు, అంటే మౌనంగా ఆరాధించే మన క్రైస్తవ సమాజపు స్థానిక సంఘానికి, నువ్వు క్లర్కువై సభలు నడిపి నిర్ణయాలను మినిట్‌గా రాసే బాధ్యత తీసుకున్న నెలకే, ఒక లెస్బియన్ సభ్యురాలిని ఆరాధన బాగోగులు చూసే ఎల్డర్‌గా నియమించాలన్న ప్రతిపాదన వచ్చిందనీ, కొందరు సంతోషిస్తుంటే కొందరు బైబిలు తెరిచి కూర్చున్నారనీ రాశావు. నలభై ఏళ్లుగా ఇంగ్లండ్‌లో ఈ సమాజంలో ఉండి, రెండు విడతలు క్లర్కుగా పనిచేసినదాన్ని కనుక నాకు తెలిసింది చెబుతాను.

మొట్టమొదట ఆమె దగ్గరికి వెళ్లు. తన పేరు నలుగురిలో చర్చకు రావడం ఆమెకు సమ్మతమేనా, తన కుటుంబం గురించి ఎంతవరకు మాట్లాడవచ్చు అన్నది ఆమే చెప్పాలి. సభలో కూర్చోబెట్టి అందరి ప్రశ్నలకూ ఆమె చేత జవాబులు చెప్పించడం మాత్రం ఎవరు అడిగినా ఒప్పుకోకు.

తరువాత, రెండు ప్రశ్నలను విడదీయి. గే, లెస్బియన్ సభ్యులు ఆధ్యాత్మిక బాధ్యతలు వహించవచ్చా అన్నది ఒకటి. మౌనారాధనను కనిపెట్టుకుని ఉండే నిబ్బరం, ఇతరుల మాట వినే ఓర్పు ఈమెకు ఉన్నాయా అన్నది మరొకటి. మొదటిదాని కోసం వేరే రోజు, ఏ నిర్ణయమూ తీసుకోని సమావేశం ఒకటి పెట్టు. క్వేకర్లు దాన్ని నూర్పిడి సమావేశం అనే అంటారు. కళ్లంలో నూర్చేటప్పుడు గింజా పొట్టూ కలిసే ఉంటాయి, తూర్పారబట్టడం ఆ తరువాతి పని. అక్కడ కూడా భయాలనూ వాక్యాలనూ అనుభవాలనూ అన్నింటినీ బయటికి రానివ్వు, వెంటనే ఖండించకు. బైబిలు వాక్యం చూపించేవారు కూడా తమ విశ్వాసానికి నిజాయితీగా ఉండాలనే మాట్లాడుతున్నారని గుర్తుంచుకో.

ఇది కొత్త చర్చ కాదని వారికి తెలియడం మంచిది. 1963లోనే, ఇంగ్లండ్‌లో స్వలింగ సంబంధాలు పురుషులకు ఇంకా నేరంగా ఉన్న కాలంలో, కొందరు క్వేకర్లు కలిసి ఒక చిన్న పుస్తకం ప్రచురించి, ఎడమచేతివాటాన్ని తప్పుపట్టనట్టే ఈ స్వభావాన్నీ తప్పుపట్టనక్కరలేదని రాశారు. అది సమాజం అధికారికంగా చెప్పిన మాట కాదు. అక్కడి నుంచి 2009లో బ్రిటన్ క్వేకర్లందరి వార్షిక సమావేశం యార్క్‌లో కూర్చుని స్వలింగ జంటల వివాహాలను కూడా స్త్రీపురుషుల వివాహాల మాదిరిగానే జరిపించాలని నిశ్చయించేదాకా నలభై ఆరేళ్లు పట్టింది. మీ దేశంలో దారి ఒకటిగా లేదు. క్వేకర్ సంఘాల కూటమి అయిన ఫ్రెండ్స్ యునైటెడ్ మీటింగ్ 1988లో తన సిబ్బంది నియమాల్లో లైంగిక సంబంధాన్ని స్త్రీపురుషుల వివాహానికే పరిమితం చేసింది. ఇండియానాలో ఒక స్థానిక మీటింగ్ 2008లో గే, లెస్బియన్ సభ్యులను పూర్తిగా స్వాగతిస్తూ మినిట్ రాసుకున్నందుకు మొదలైన వివాదం 2013 నాటికి అక్కడి మీటింగులన్నిటినీ కలిపే ఇండియానా వార్షిక సమావేశాన్నే చీల్చింది. బేయార్డ్ రస్టిన్ సంగతి కూడా చెప్పు. నల్లజాతివారి పౌరహక్కుల కోసం 1963లో జరిగిన వాషింగ్టన్ యాత్ర ఏర్పాట్లను నడిపించిన ఆ క్వేకరు, శాంతి గురించి 1955లో వెలువడిన ప్రసిద్ధ క్వేకర్ పుస్తకాన్ని రాసినవారిలో ఒకరైనా, గే అన్న కారణంగా ఆయన పేరు అందులో అచ్చుకాలేదు; దశాబ్దాల తరువాత గాని దాన్ని చేర్చలేదు.

ఇక నిర్ణయం తీసుకునే రోజు. మనకు ఓట్లు లేవు, కాబట్టి ఒకరిద్దరు గట్టిగా కాదంటే ఏం చేయాలని నువ్వు భయపడుతున్నావు. వారిని పక్కకు నెట్టవద్దు, అలాగని వారి అభ్యంతరాన్ని వీటోగానూ మార్చవద్దు. తమకు ఇష్టం లేకపోయినా మీటింగ్ ముందుకు వెళ్లడానికి అడ్డుపడకుండా ఉండగలరా అని నేరుగా, మర్యాదగా అడుగు. చాలామంది ఆ ప్రశ్న తమను ఎవరూ అడగకపోవడం వల్లనే అడ్డు నిలుస్తారు. ప్రతి మనిషిలోనూ దైవాంశ ఉందని నమ్మేవాళ్లం కనుక, దాన్ని ఆ అభ్యంతరం చెప్పే పెద్దాయనలోనూ వెతకాలి, ఆమెలోనూ గుర్తించాలి.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ముప్పై ఏళ్ల కిందట ఇలాగే ఒక గే సభ్యుడి పేరు మా మీటింగ్ ముందుకు వచ్చింది. ఇద్దరు కాదన్నారు. గదిలో ఎవరూ నొచ్చుకోకూడదని, 'ఈ విషయంలో మరికొంత కాలం వేచి ఉంటాం' అని మినిట్ రాసి చదివి వినిపించాను. కారణం రాయలేదు, మళ్లీ ఎప్పుడు కూర్చుంటామో రాయలేదు; ఆయనకు సంగతి పోస్టులో పంపాను. ఆయన పదిహేనేళ్లుగా ప్రతి ఆదివారం అందరికంటే ముందే వచ్చి కుర్చీలను గుండ్రంగా వేసేవారు. ఆ ఆదివారం మేం వెళ్లేసరికి కుర్చీలు గోడవారగా దొంతరలుగానే ఉన్నాయి. ఆయన మరి రాలేదు. వేచి ఉండడం ఎవరి పక్షమూ వహించకపోవడమే అనుకున్నాను. ఆ వేచి ఉండే భారమంతా ఆయన ఒక్కరి మీదే వేశానని అప్పుడు అర్థమైంది.

అందుకని మీకు ఆ రోజు ఏకాభిప్రాయం కుదరకపోతే, కుదరలేదనే స్పష్టంగా రాయి, ఎందుకో రాయి, మళ్లీ కూర్చునే తేదీ రాయి. ఆ సాయంత్రమే ఆమె ఇంటికి వెళ్లి ఆ మినిట్‌ను నీ నోటితో చదివి వినిపించు.

ఇట్లు,
మీ పెద్దమ్మ