సముద్రంలో పైల్స్ (పునాది స్తంభాలు) దిగ్గొట్టే మోతను గాలి బుడగలు నిజంగా తగ్గిస్తాయా?

బాగానే తగ్గిస్తాయి, కానీ పూర్తిగా ఆపలేవు. నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1500 మీటర్లు, అంటే గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది. దారిలో బుడగలు అడ్డొస్తే మాత్రం కొంత వెనక్కి తిరుగుతుంది, కొంత చెదిరిపోతుంది, కొంత బుడగలే మింగేస్తాయి. జర్మనీ దగ్గర ఉత్తర సముద్రంలో గాలిమరలకు పునాదులు వేసేటప్పుడు చిల్లుల గొట్టాన్ని అడుగున చుట్టూ పరిచి కంప్రెసర్లతో గాలి కొడతారు, పైకి లేచే బుడగలే తెర. 750 మీటర్ల దూరంలో 160 డెసిబెల్స్ దాటకూడదని అక్కడి నిబంధన.

మన చెన్నైలో కాశిమేడు ఒడ్డున నిలబడి పైల్స్ దిగ్గొట్టే మోత విని, ఇంత చిన్న చప్పుడుకి చేపలకేమవుతుందిలే అనుకుంటారు. అది పొరపాటు, నీటిలో పుట్టిన శబ్దాన్ని నీటి పైభాగం చాలావరకు కిందికే తిప్పేస్తుంది. తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే జనవరి–మార్చి నెలల్లో, బుడగలున్నా సరే, ఇక్కడ ఆ పని పెట్టుకోకపోవడమే మేలు.