ఇన్‌హేలర్ కంటే ముందు ఆ మాత్రల సంగతి చూడాలి

ప్రశ్న: నా వయసు 61. చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది. పాతికేళ్లు సిగరెట్లు తాగి, ఆరేళ్ల క్రితం మానేశాను. ఆస్తమా, సీఓపీడీ (గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) రెండూ ఉన్నాయని డాక్టర్ స్టెరాయిడ్ కలిసిన ఇన్‌హేలర్ రాశారు. నాలుగేళ్లుగా వాడుతున్నాను. స్టెరాయిడ్లతో ఎముకలు గుల్లబారతాయని, షుగర్ వస్తుందని విన్నాను. ఇన్‌హేలర్ ఆపేయవచ్చా? ఆయాసం ఎక్కువైతే పాత చీటీతో స్టెరాయిడ్ మాత్రలు తెచ్చుకుని వారం రోజులు వేసుకుంటాను. ఈ ఏడాది మూడుసార్లు వాడాను.
– ఒక పాఠకుడు

జవాబు: ఇన్‌హేలర్‌ను మీ అంతట మీరు ఆపకండి. మీ ఉత్తరంలో నాకు ఆందోళన కలిగించింది ఆ పాత చీటీ. ఎముకలు, షుగర్ గురించి మీ భయం సబబే, కానీ భయపడాల్సింది ముందు ఆ మాత్రలకు. ఇన్‌హేలర్‌లోని స్టెరాయిడ్‌ను మైక్రోగ్రాముల్లో లెక్కిస్తారు, అదీ ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనే పనిచేస్తుంది. మాత్రల లెక్క మిల్లీగ్రాముల్లో. ఆ మందు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. ఆయాసం తీవ్రమైనప్పుడు ఐదు నుంచి ఏడు రోజుల కోర్సు మేమూ ఇస్తాం. అయితే అది పదేపదే అవసరమవుతుంటే ఎముకలు పలచబడతాయి, షుగర్ పెరుగుతుంది, కంట్లో శుక్లాలు వస్తాయి. శరీరం సొంతంగా స్టెరాయిడ్ తయారుచేసుకోవడం కూడా మందగించవచ్చు. ఏడాదిలో మూడుసార్లు కావాల్సి వచ్చిందంటే జబ్బు అదుపులో లేదన్నమాట. మొదటిసారే డాక్టర్ దగ్గరకు వెళ్లి ఉండాల్సింది. పైగా ఆయాసం ప్రతిసారీ ఈ జబ్బు వల్లే రాదు. న్యుమోనియా కావచ్చు, గుండె సమస్య కావచ్చు. మాత్రలతో కాస్త తెరిపిన పడితే అసలు జబ్బు మరుగున పడిపోతుంది.

ఇన్‌హేలర్ మందులు సిగరెట్ల వల్ల పాడైన ఊపిరితిత్తులను తిరిగి బాగుచేయలేవు. ఆయాసం తిరగబెట్టడాన్ని, ఆస్పత్రిలో చేరాల్సిన అవసరాన్ని తగ్గిస్తాయి. ఆస్తమా మందుల పరీక్షల్లో పొగతాగేవారిని, సీఓపీడీ పరీక్షల్లో ఆస్తమా ఉన్నవారిని చాలావరకు చేర్చుకోలేదు. అందుకే మీలాంటివారికి దీర్ఘకాలంలో ఫలితం ఇంత అని కచ్చితంగా చెప్పడం కష్టం. ఒక విషయంలో మాత్రం సందేహం లేదు. ఆస్తమా ఉన్నవారు స్టెరాయిడ్ వదిలేసి, శ్వాసనాళాలను వెడల్పు చేసే మందు ఒక్కదానితోనే నెట్టుకురావడం ప్రాణాపాయం.

ఇన్‌హేలర్ స్టెరాయిడ్‌కూ ఇబ్బందులు లేకపోలేదు. నోట్లో తెల్లటి పూత, గొంతు బొంగురుపోవడం మామూలే. పీల్చిన ప్రతిసారీ నీళ్లు పుక్కిలించి ఉమ్మేయండి. సీఓపీడీ ఉన్నవారిలో న్యుమోనియా ముప్పు కొంత పెరుగుతుంది కాబట్టి మోతాదు ఎంత ఉండాలో మీ డాక్టరే తేల్చాలి. స్పైరోమెట్రీ (ఊదించి ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని కొలిచే పరీక్ష), రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల సంఖ్య, ఎముకల సాంద్రత, షుగర్ పరీక్షలు అవసరం కావచ్చు. ఇన్‌హేలర్ వెంట తీసుకెళ్లి, ఎలా పీలుస్తున్నారో ఆయన ముందే చేసి చూపించండి. మందు నాలుక మీదే ఆగిపోతున్నవారిని నేను రోజూ చూస్తుంటాను.

మిమ్మల్ని పరీక్షించకుండా ఇంతకు మించి చెప్పడం సరికాదు. ఈ వారంలోనే ఛాతీ వైద్యులను కలవండి, మూడుసార్లు మాత్రలు వాడిన సంగతి దాచకుండా చెప్పండి. ఈలోగా ఆయాసంతో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, పెదవులు నీలంగా మారినా మాత్రల కోసం వెతక్కుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.