తాబేలు నిద్రపోవడం లేదు, దానికి నిమ్ము చేసింది

ప్రశ్న: పొలంలో ప్లాస్టిక్ షీటు వేసిన నీటికుంటలో రెండు పెంపుడు తాబేళ్లను వదిలాం. కళ్ల వెనక ఎర్ర చార ఉంటుంది. దసరా దాకా ఎండురొయ్యలు బాగా తిన్నాయి. ఇప్పుడు ముట్టడం లేదు. ఒకటి ఒక పక్కకు ఒరిగి తేలుతోంది, కళ్లు వాచాయి. చలికాలం నిద్ర అంటున్నారు షాపువాళ్లు. నట్టలకు ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ వేయించమన్నారు. వేయించమంటారా?
– ఒక రైతు, వికారాబాద్ జిల్లా

జవాబు: వద్దు. గొర్రెలకు వేసే ఐవర్‌మెక్టిన్ తాబేలుకు విషం. కాళ్లు చచ్చుబడి చస్తుంది. అమ్మినవాడికి ఆ సంగతి తెలియదు, మీరు అతని మాట మీద సూది వేయించకండి.

ఇది నిద్ర కాదు. మీవి అమెరికాలోని మిసిసిపీ ప్రాంతపు తాబేళ్లు. అక్కడ నీళ్లు 10 డిగ్రీల కంటే చల్లబడి వారాల తరబడి అలాగే ఉంటే అడుగుకు చేరి కదలకుండా పడుంటాయి. మీ కుంట నీరు నిద్రపోయేంత చల్లగా ఉండదు, తిన్నది అరిగేంత వెచ్చగానూ ఉండదు. ఒరిగి తేలుతోందంటే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేసిందని నా అనుమానం. కళ్ల వాపు చాలావరకు విటమిన్ ఎ లోపం. ఉత్త ఎండురొయ్యలు మేపితే ఇంతే. అసలు తప్పు మాత్రం షీటుది. నున్నటి షీటు మీద గోళ్లు పట్టవు, పైకెక్కి ఎండ కాగలేవు. నెలల తరబడి నీళ్లలోనే నానాయి.

ఈరోజే రెండింటినీ తీసి వేర్వేరు టబ్బుల్లో పెట్టండి. జబ్బుదానికి నీళ్లు డిప్ప ఎత్తు మించకూడదు. నీటి వేడి 28 డిగ్రీలు ఉండాలి. లీటరుకు ఒక వాట్ లెక్కన అక్వేరియం హీటర్ చాలు, కన్నాలు పెట్టిన పైపులో దూర్చండి, లేకపోతే పగలగొడతాయి. ఎక్కి కూర్చోడానికి ఇటుక, దాని మీద అడుగు ఎత్తులో 60 వాట్ల బల్బు పెట్టండి. ఒళ్లు వేడెక్కేదాకా మేత వద్దు.

తూకం వేసి రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లండి. నిమ్మే అని తేలితే సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్ కిలో బరువుకు 20 మి.గ్రా., మూడు రోజులకోసారి, ముందు కాలి కండకే వేయాలి. వెనక కాలికి వేస్తే మందు ఒళ్లంతా చేరకముందే మూత్రపిండాలకు పోయే అవకాశం ఉంది. విటమిన్ ఎ ఇంజెక్షన్ మోతాదు మించితే తోలు ఊడుతుంది, సొంతంగా వేయకండి. కోలుకున్నాక మునగాకు, పొన్నగంటి కూర, తురిమిన క్యారెట్ పెట్టండి. నీరు 18 డిగ్రీల కంటే తగ్గితే మేత ఆపేయాలి. థర్మామీటర్ కొనండి, చేయి పెట్టి చూసి చెప్పే లెక్క పనికిరాదు.

మళ్లీ ఆ కుంటలో మాత్రం వదలకండి. వానాకాలం కుంట పొర్లితే ఇవి వాగులోకి, చెరువులోకి చేరి మన తాబేళ్ల తిండి, చోటు లాక్కుంటాయి. విసుగొచ్చి చెరువులో వదిలేసేవాళ్ల వల్లే ఇవి దేశదేశాల్లో బెడదయ్యాయి. ఇంటి దగ్గర గోడ ఎత్తుగా కట్టిన సిమెంటు తొట్టిలో, ఎండ పడే గట్టు పెట్టి పెంచండి. మన చెరువు తాబేలు ఏదైనా దొరికితే దానిని ఇందులో వేయకండి, చట్టప్రకారం నేరం. టబ్బు కడిగాక సబ్బుతో చేతులు కడుక్కోండి, ముఖ్యంగా పిల్లలు.