ప్రాక్టీస్ లేకుండా వలస పక్షులకి అంత కండ ఎలా వస్తుంది?

తమ్ముడూ, నువ్వడిగింది ఇది: పోలీసు ఈవెంట్స్‌కి పరిగెడుతున్నావ్, జ్వరం వచ్చి పది రోజులు మానేసరికి 1600 మీటర్లకే ఊపిరి అందట్లేదు, మరి నెలల తరబడి నీళ్ళ పక్కన కూర్చుని మేసే వలస పక్షులు ఒక్కసారిగా లేచి వేల కిలోమీటర్లు ఎలా ఎగురుతాయి అని. ఇదే ప్రశ్న నన్ను ఒక చలికాలమంతా వదల్లేదు, అందుకే రాస్తున్నా, కొంచెం పెద్దదే అవుతుంది.

మాది బరంపురం. మూడేళ్ళ కిందట డిసెంబర్లో బండి జారి ఎడమకాలు విరిగింది, ఆరు వారాలు పిండికట్టు. కట్టు విప్పాక ఫిజియో టేపు పెట్టి కొలిస్తే ఎడమ తొడ చుట్టుకొలత కుడిదానికంటే నాలుగు సెంటీమీటర్లు తక్కువుంది, మా అమ్మ అది చూసి ఏడ్చేసింది. వాడని కండని ఒళ్ళు ఊరికే మేపదు, కరిగించేస్తుంది అని ఆయన చెప్పాడు. ఆ కాలు ఈడ్చుకుంటూనే రంభలో మా మావయ్య ఇంటికి వెళ్ళి రెండు నెలలు ఉన్నా, మావయ్యకి అక్కడి చిలికా సరస్సులో బోటుంది. ఓ రోజు తల మీద రెండు నల్ల గీతలుండే బూడిదరంగు బాతుల గుంపు, అదే బార్ హెడెడ్ గూస్, దూరం నుంచి చూపించి అన్నాడు: "ఇవి దీపావళి దాటాక దిగుతాయిరా, ఇదిగో ఇలా గడ్డి మేస్తా కూకుంటాయి, మార్చిలో ఓ పొద్దున్న లేచి చూస్తే ఉండవు. నెలన్నరకే నీ కాలు ఇలాగైపోతే ఆటి రెక్కలు ఏటైపోవాలి?" నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచి చదవడం మొదలెట్టా.

అసలు సంగతి ఏంటంటే ఆ కండ పెరగడానికి పక్షికి గట్టి కసరత్తు అక్కర్లేదు. 1999లో నెదర్లాండ్స్ వాళ్ళ పరిశోధన ఒకటి అచ్చయింది, రెడ్ నాట్ అనే చిన్న ఒడ్డు పక్షుల్ని ఎగరడానికి పెద్దగా చోటులేని గదిలో పెట్టి, రోజూ 12 గంటలు వెలుతురు 12 గంటలు చీకటి, ఏమాత్రం మార్చకుండా ఉంచారు, అంటే ఇప్పుడు ఏ నెలో పక్షికి పగటి పొడుగుని బట్టి తెలిసే దారి కూడా మూసేశారన్నమాట. ఛాతీ కండని అల్ట్రాసౌండ్ స్కాన్‌తో కొలుస్తూ పోయారు. వలస కాలం దగ్గర పడేసరికి ఒంట్లో కొవ్వు చేరింది, దాంతోపాటు ఛాతీ కండ కూడా 40 శాతం పైనే పెరిగింది! ఆ కాస్త కదలిక కూడా పనిచేసిందేమో, దాన్ని కొట్టిపారేయలేం అని వాళ్ళే రాశారు, కానీ భారీ ట్రైనింగ్ మాత్రం అవసరం లేదని తేలిపోయింది. పక్షి లోపలే ఏడాదికోసారి తిరిగే గడియారం ఒకటుంది, అది టైమైంది అనగానే కండ కట్టడం మొదలవుతుంది. మన ఒంట్లో అలాంటిది లేదు, నా తొడ మళ్ళీ మామూలవ్వడానికి రోజూ మెట్లెక్కి దిగుతూ నాలుగు నెలలు పట్టింది.

కండ ఎంతుంది అన్నదే కాదు, ఏ రకం కండ అన్నది కూడా చూడాలి. చికెన్ షాపులో బ్రాయిలర్ రొమ్ము ముక్క తెల్లగా ఉంటుంది, లెగ్ పీస్ కొంచెం ముదురుగా ఉంటుంది, అదే బాతుని కోస్తే రొమ్ము ముక్కే ఎర్రగా ఉంటుంది, చూసే ఉంటావ్. కోడి రొమ్ము గోడ మీదకి ఒక్క ఎగురు ఎగరడానికి పనికొచ్చే కండ, క్షణాల్లో అలిసిపోతుంది. ఎర్ర కండలో ఆక్సిజన్ని పట్టి ఉంచే మయోగ్లోబిన్, సన్నటి రక్తనాళాలు, కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలు బాగా ఎక్కువ, గంటల తరబడి పనిచేయడానికి కావాల్సింది అదే. మన చిలికా బాతుల్లో ఇంకో విశేషం, వాటి కండ కణాల్లో మైటోకాండ్రియాలు ఎక్కువగా అంచుకి, రక్తనాళాల పక్కకి జరిగి ఉంటాయి, గాలి పలచగా ఉన్నచోట ఆక్సిజన్ దూరం వెళ్ళే పని తగ్గుతుంది, పైగా రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ కూడా వాటిలో ఆక్సిజన్ని గట్టిగా పట్టుకునే రకం. హిమాలయాల మీదుగా వెళ్తూ 7,290 మీటర్ల ఎత్తులో ట్రాకర్‌కి దొరికిన పక్షి ఉంది. అక్కడ మనకి నడవడమే కష్టం.

ఇంధనం చాలావరకు కొవ్వే. గ్రాము కొవ్వుకి 9 కేలరీలు, పిండిపదార్థానికి 4, పైగా కొవ్వు నీటి బరువు మోయదు. మనం జోరుగా పరిగెత్తితే కొవ్వు కండకి అంత వేగంగా అందదు, అందుకే అప్పుడు ఎక్కువగా పిండిపదార్థం మీదే నడుస్తాం. పక్షి కండలో కొవ్వుని లోపలికి చేరవేసే ప్రోటీన్లు దండిగా ఉంటాయి కాబట్టి అది ఫుల్ స్పీడులో కూడా కొవ్వు మీదే నడుస్తుంది.

నన్ను బాగా కదిలించింది మాత్రం గాడ్విట్ అనే ఒడ్డు పక్షి కథ. 2022 అక్టోబర్లో అలాస్కాలో బయల్దేరిన బార్ టెయిల్డ్ గాడ్విట్ ఒకటి, ఇంకా ఏడాది కూడా నిండని పిల్ల, తిండీ నీళ్ళూ లేకుండా ఎక్కడా దిగకుండా 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరి ఆస్ట్రేలియాలోని టాస్మానియా దీవి చేరింది. బయల్దేరే ముందు ఈ జాతి పక్షులకి కందనకాయ, కార్జం, పేగులు చిన్నవైపోయి ఉంటాయి, దారిలో తినేది లేదు కాబట్టి ఆ బరువు మోయడం అనవసరం. దారిలో వలస పక్షులు తమ కండని కూడా కొంత కరిగించుకుంటాయి. మొదట నాకది ఆకలి బాధేమో అనిపించింది, కానీ నీళ్ళ కోసం కూడానట! అంతే శక్తి కోసం కండలోని ప్రోటీన్ కరిగిస్తే కొవ్వు కంటే చాలా ఎక్కువ నీరు బయటికొస్తుంది. 2011లో థ్రష్ పిట్టల్ని గాలి సొరంగంలో, అంటే ఎదురుగా గాలి వదిలే ప్రయోగశాల గొట్టంలో, ఎగరేసి చూస్తే పొడి గాలిలో ఎగిరినవి కండా లోపలి అవయవాలూ ఎక్కువ ఖర్చు పెట్టాయి.

నీ ప్రాక్టీస్ సంగతికొస్తే, జ్వరం పూర్తిగా తగ్గాక మెల్లగా మొదలెట్టు, మొదటి వారం టైమింగ్ చూసుకోకు. ఎప్పుడైనా రంభ వైపు వస్తే డిసెంబర్లో ఓసారి, ఫిబ్రవరి చివర ఓసారి ఆ బాతుల్ని పక్క నుంచి ఫోటో తియ్యి, జూమ్ ఉండాలి, దగ్గరికెళ్ళి బెదరగొట్టకు. రెండూ పక్కపక్కన పెట్టి కాళ్ళ వెనక, తోక కింద పొట్ట చూడు. ఫిబ్రవరి ఫోటోలో అక్కడ బరువుగా వేలాడుతుంటే అది ప్రయాణానికి దాచుకున్న కొవ్వు. మావయ్యకి నేను చూపించింది అదే, ఇప్పుడాయన బోటెక్కిన ప్రతి ఒక్కరికీ చూపిస్తున్నాడు.