ఒంటిగదికి సువాసన: బుజ్జికి పెద్దమ్మ రాస్తున్న ఉత్తరం

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు హాస్టల్ ఖాళీ చేసి కూకట్‌పల్లిలో ఒంటిగది తీసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. డాబా మీద రేకుల గదిని హైదరాబాదులో పెంట్‌హౌస్ అంటారని కూడా నాకు అప్పుడే తెలిసింది. నీ జీతంతో నువ్వే అద్దె కట్టుకుంటున్నావంటే ఎంత గొప్పగా ఉందో! పాలవాడితో సహా వీధిలో అందరికీ చెప్పేశాను, వాళ్ళు అడక్కపోయినా. ఆ తర్వాత మీ అమ్మ ఇంకో ముక్క అంది. గదంతా ఏదో వాసనట, బజారు స్ప్రేలు నీకు పడట్లేదట, ఫోన్లో వీడియోలు చూసి ఇంట్లోనే సహజంగా చేసుకుంటావట, రాత్రి పడుకునే ముందు బొగ్గుల మీద సాంబ్రాణి కూడా వేస్తావట. స్ప్రేలు మానేసినందుకు మెచ్చుకుంటున్నాను. కానీ బొగ్గులు అన్న మాట చెవిన పడ్డాక నాకు టెన్షన్ పట్టుకుంది. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, మొత్తం చదువు.

అసలు వాసన ఎక్కణ్ణుంచి వస్తోందో ముందు చూడు. చెత్తబుట్ట రోజూ ఖాళీ చెయ్యి. తడి తువ్వాలు తలుపు వెనక తగిలించకు. పరుపు వారానికోసారి ఎండలో వెయ్యి, డాబా నీ గుమ్మం ముందే ఉందిగా. ఇవన్నీ నీకు తెలిసినవే, చెయ్యవు అంతే.

నీకు తెలియనిది బాత్రూమ్‌లో ఉంటుంది. నీళ్ళు పోయే జాలీ కింద నానీ ట్రాప్ అని ఒకటి ఉంటుంది, ఏ ప్లంబర్‌ని అడిగినా చూపిస్తాడు. అందులో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలిచి ఉండాలి. కింద డ్రైనేజీ గొట్టంలోని గాలి పైకి రాకుండా ఆపేది ఆ నీళ్ళే. ఎండాకాలంలో సెలవు పెట్టి నువ్వు ఊరొచ్చావనుకో, రేకుల వేడికి ఆ నీళ్ళు ఆవిరైపోతాయి. తిరిగి వెళ్ళి తలుపు తియ్యగానే గుప్పున కొడుతుంది. రెండు చెంబులు నీళ్ళు పోస్తే ఆ కంపు ఆగిపోతుంది. దానికి లావెండర్ నూనె ఎందుకు?

ఇంకో సంగతి. మన ముక్కు కాసేపటికే వాసనకి అలవాటు పడిపోతుంది. అందుకే గదిలోనే కూర్చున్నవాళ్ళు ఇంకా చాల్లేదనుకుని ఇంకాస్త కొడుతూ ఉంటారు, బయటినుంచి వచ్చినవాళ్ళు తుమ్ముతారు. కాబట్టి ఏది పెట్టినా డాబా మీద రెండు చుట్లు తిరిగొచ్చి, అప్పుడు వాసన చూసుకో.

సరే, చేసుకునే పద్ధతులు. అన్నిటికన్నా తేలికైనది వంటసోడా. చిన్న స్టీలు గిన్నెలో అరకప్పు పోసి, నిమ్మగడ్డి నూనె పది చుక్కలు వేసి కలిపి, పైన పల్చటి గుడ్డ కప్పి రబ్బరు బ్యాండు వెయ్యి. మంచం కింద ఒకటి, చెప్పుల స్టాండు దగ్గర ఒకటి పెట్టు. సోడా చెడు వాసనని పీలుస్తుంది, నూనె మంచి వాసన ఇస్తుంది. వాసన తగ్గినప్పుడు ఒకసారి కుదుపు. నెలకోసారి ఆ సోడా బాత్రూమ్ కడగడానికి వాడేసి కొత్తది పొయ్యి.

స్ప్రే కావాలంటే నూనె చుక్కల్ని నేరుగా నీళ్ళలో వెయ్యకు. కలవవు, పైన తేలతాయి, ఒకసారి ఉత్త నీళ్ళు పడతాయి, ఇంకోసారి ఉత్త నూనె పడి దుప్పటి మీద మరక. ముందు కాస్త ఓడ్కాలో కలిపి ఆ తర్వాత నీళ్ళు పొయ్యాలి. వందమిల్లీ సీసాకి పదిహేను ఇరవై చుక్కలు చాలు. (ఓడ్కా సంగతి మీ అమ్మకి చెప్పకు, నేను చెప్పానని అసలు చెప్పకు.) కొట్టే ముందు సీసా కుదుపు. పొయ్యి వెలుగుతున్నప్పుడు గానీ దేవుడి దగ్గర దీపం ఉన్నప్పుడు గానీ దాన్ని ముట్టుకోవద్దు, అందులో ఉన్నది మండే సరుకు. నిమ్మతొక్కలు నీళ్ళలో నానబెట్టి సీసాలో పోసుకోమని కూడా వీడియోల్లో చెబుతారు. అది నాలుగు రోజులకే బూజు పడుతుంది. నూనెలు వాడేటప్పుడు డాబా మీదికొచ్చే ఆ పిల్లిని లోపలికి రానివ్వకు, పిల్లులకి అవి విషం.

నిమ్మతొక్కలు, దాల్చినచెక్క, నాలుగు లవంగాలు వేసి సన్నటి సెగ మీద మరిగిస్తే గది ఘుమఘుమలాడే మాట నిజమే. కానీ నిన్ను నేనెరుగుదును. పొయ్యి మీద పాలు పెట్టి ఫోన్ పట్టుకుంటే అవి పొంగి, మాడి, పక్కింటివాళ్ళు తలుపు కొట్టేదాకా నీకు తెలియదు. కాబట్టి నువ్వు మరిగించొద్దు. కెటిల్‌లో నీళ్ళు కాచి, ఇవన్నీ వేసిన గిన్నెలో పోసి గది మధ్యలో పెట్టు. వాసన కొంచెం తక్కువైతే అయింది.

ఇక బొగ్గుల సంగతి. ఇది మీ అమ్మ నీకు చెప్పి ఉండదు. అప్పటికి తను పుట్టి వారమే, తనకేం తెలుస్తుంది?

మీ అమ్మ పుష్యమాసంలో పుట్టింది. కోనసీమలో మా అమ్మమ్మ ఇల్లు, కాలవగట్టు పక్కనే. తెల్లారేసరికి మంచు ఎదుటి కొబ్బరిచెట్టుని కూడా కనపడనిచ్చేది కాదు. నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. పురిటిగది వెనక వసారాలో చిన్నది, ఒకటే తలుపు, పైన జానెడు కిటికీ. బాలింతకి చలిగాలి సోకకూడదని మా అమ్మమ్మ ఆ కిటికీలో గోనెసంచి కుక్కింది. తలుపు కింద సందులో పాత చీరలు చుట్టి దూర్చింది. మంచం పక్కన కుంపట్లో చింతబొగ్గులు పోసి, వాటి మీద సాంబ్రాణి, వాము, వెల్లుల్లి పొట్టు వేసేది. పిల్లకి స్నానం చేయించాక పొగ వెయ్యడం అప్పుడు అందరిళ్ళలోనూ ఉన్నదే. మా అమ్మమ్మ ఏదీ సగంలో వదిలే మనిషి కాదు. పొగ పోయాక కూడా కుంపటి తియ్యలేదు, వెచ్చగా ఉంటుందని రాత్రంతా ఉంచేసింది.

తెల్లవారుజామున మా అమ్మ తలనొప్పి అంది. చలి చేసిందని ఇంకో నాలుగు బొగ్గులు వేశారు. వాంతి చేసుకుంది. పైత్యం అన్నారు. తర్వాత పలకడం తగ్గించింది. నిద్ర పడుతోందిలే, పడుకోనివ్వండి అన్నారు. నేను గడప దగ్గర నుంచుని చూస్తే పిల్ల, అదే మీ అమ్మ, ఏడవకుండా తలవాల్చేసి ఉంది. గదిలో మంచి సాంబ్రాణి వాసన వస్తోంది. అక్కడ ఏదో తప్పు జరుగుతోందని ఎవరి ముక్కుకీ తెలియలేదు.

మైలగుడ్డల కోసం చాకలమ్మ వచ్చింది. తలుపు తోసి ఒక్క అడుగు లోపలికి వేసి, "అమ్మగోరూ, ఇదేం గదండీ, ఊపిరాడట్లేదు" అంటూ పిల్లని లాక్కుని పెరట్లోకి పరుగెత్తింది. ఆ తర్వాత మా తాతయ్యా ఆవిడా కలిసి మా అమ్మని మంచంతో సహా మోసుకొచ్చి మంచులో పెట్టారు. బాలింతని మంచులో పెడతారా అని మా అమ్మమ్మ ఒకటే గొడవ. చాకలమ్మ ఆవిడ మాట లెక్కచెయ్యలేదు. కాసేపటికి మీ అమ్మ కెవ్వుమంది. ఆ ఏడుపు విని మా తాతయ్య గట్టు మీద కూలబడిపోయాడు. ఇంత జరిగాక మా అమ్మమ్మ ఏం చేసిందో తెలుసా? దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు తిప్పి అదే కుంపట్లో వేసింది!

ఆవిడ ప్రేమకి లోటు లేదు. మనవరాలి కోసం తెల్లవార్లూ మేలుకుని బొగ్గులు వేసింది పాపం. బొగ్గు కాలడానికి గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుందని ఆవిడకెవరు చెప్పారు? దానికి రంగుండదు, వాసనుండదు. ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు, ఆ తర్వాత లేవరు. చలికాలంలో మూసిన గదుల్లో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళ కబుర్లు ఇప్పటికీ పేపర్లో వస్తూనే ఉంటాయి. అవి చదివినప్పుడల్లా నేను లేచి వెళ్ళి కిటికీలు చూసుకుంటాను, మీ పెదనాన్న నవ్వుతారు. నవ్వనీ.

కాబట్టి పడుకునే ముందు బొగ్గులూ లేవు, సాంబ్రాణీ లేదు. బజార్లో దొరికే కప్పు సాంబ్రాణిలో కూడా మండేది చాలావాటిల్లో బొగ్గుపొడే. శుక్రవారం దేవుడికి వెయ్యాలనిపిస్తే సాయంత్రం తలుపూ కిటికీ బార్లా తీసి, గుమ్మం బయట వెలిగించు. పొగ కాస్త లోపలికి వస్తుంది, అది చాలు. పూర్తిగా ఆరిపోయాక నీళ్ళు చల్లి పారెయ్యి. ఈ ఒక్కమాట విను తల్లీ, మిగతావి నీ ఇష్టం.

మిగతావి నీ ఇష్టం అన్నాను గానీ, గ్యాస్ మాత్రం కాదు. ఆ గదిలోనే మంచం, ఆ గదిలోనే పొయ్యి, మూలన 5 కిలోల సిలిండరు. వంటగ్యాస్‌కి సొంతంగా పెద్ద వాసన ఉండదు. లీకైతే మనకి తెలియాలని కుళ్ళు కంపు కొట్టే మెర్కాప్టాన్ కలుపుతారు. నువ్వు నాలుగు మూలలా నిమ్మగడ్డి, లవంగం, కర్పూరం పెట్టి గది నింపేస్తే ఆ కంపు నీకు ఆలస్యంగా తెలుస్తుంది. పొయ్యి ఉన్న వైపు ఏ సువాసనా పెట్టకు. ఆ గ్యాస్ గాలి కన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది, నువ్వేమో చాప వేసుకుని కింద కూర్చుని లాప్‌టాప్ పెట్టుకుంటావని విన్నాను. కంపు అనిపిస్తే స్విచ్చి వెయ్యకు, ఉన్నది ఆపకు కూడా. రెగ్యులేటర్ కట్టేసి, తలుపు తీసి, బయటికొచ్చి 1906కి ఫోన్ చెయ్యి. రబ్బరు ట్యూబు మీద తేదీ ఉంటుంది చూడు, 5 ఏళ్ళు దాటితే మార్చాలి. అది పాత అద్దెవాళ్ళు వదిలేసిందైతే తేదీ కూడా చూడొద్దు, కొత్తది కొను.

బీరువాలో బట్టలకి కర్పూరం మూట కట్టుకో, బాగుంటుంది. కానీ ఇంటి ఓనరుగారి పాప పైకి వస్తుందన్నావుగా. ఆ బిళ్ళలు చూస్తే పటికబెల్లం అనుకుంటారు పిల్లలు. ఒక్కటి మింగినా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. పై అరలో పెట్టి తాళం వెయ్యి.

నన్నడిగితే నీ గదికి సరైనది వట్టివేరు. మా తాతయ్య రోహిణికార్తెలో వీధి వసారాకి వట్టివేళ్ళ తడకలు కట్టించేవాడు. వాటి మీద నీళ్ళు చల్లే పని నాది. పడమటిగాలి వాటిలోంచి వచ్చేసరికి చల్లబడి, తొలకరికి తడిసిన మట్టి వాసన మోసుకొచ్చేది. పనికని వెళ్ళి నేను అక్కడే గోడకి ఆనుకుని నిద్రపోయేదాన్ని, మా తాతయ్య ఎవరినీ లేపనిచ్చేవాడు కాదు. నిన్ను చిన్నప్పుడు నా ఒళ్ళో పడుకోబెట్టుకున్నప్పుడు నీ తల మీద కూడా అదే వాసన వచ్చేది, మీ అమ్మ తలంటు నూనెలో వట్టివేరు వేసేది కాబట్టి. నీకు గుర్తుండదులే. ఆ వేళ్ళు ఒక కట్ట కిటికీ ఊచలకి వేలాడదీసి, పొద్దున్నే తడిపి, గాలి రానివ్వు. ఎండిపోతే మళ్ళీ తడుపు. మంట లేదు, పొగ లేదు, విషం లేదు. బేగంబజార్‌లో మూలికలు అమ్మే కొట్లలో అడిగితే దొరుకుతుంది. మరువం, దవనం కావాలంటే తెల్లారి గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి వెళ్ళు. సంపెంగలు మాత్రం రాత్రి గదిలో పెట్టుకోకు, తలనొప్పి తెస్తాయి, నాకైతే తెస్తాయి.

పై ఆదివారం మీ అన్నయ్య హైదరాబాదు వస్తున్నాడు, వాడితో ఒక సంచి పంపిస్తున్నాను. అందులో రెండు కట్టలు వట్టివేరు, గుడిలో ఏరిన పొగడపూలు ఒక పొట్లం ఉంటాయి. పొగడపూలు ఎండినా వాసన పోదు, దిండు గలేబులో వేసుకో. నేను వద్దన్నా వినకుండా మీ అమ్మ అదే సంచిలో ఎండురొయ్యలు కూడా పెట్టింది. మూడు కవర్లు చుట్టింది గానీ నాకు నమ్మకం లేదు. సంచి అందగానే ముందు రొయ్యల్ని తీసి మూత బిగుసుగా పట్టే డబ్బాలోకి మార్చు, ఆ పిల్లికి అందకుండా.

ప్రేమతో,
పెద్దమ్మ